కిటికీలో దూది

ఎనిమిదోసారి కలిపిన హుక్కా తంబాకు కూడా లాలప్ప పెరట్లో పారబోశాడు.

ఖాళీ కుండను అరుగు మీద బోర్లించి, దాని పక్కనే తానూ చతికిలబడ్డాడు. ఒకసారి బెల్లం తక్కువైందనుకున్నాడు. ఒకసారి లవంగం ఎక్కువైందనుకున్నాడు. హుక్కా మీది చిలుంలో పెట్టి, నిప్పు వేసి, ఒక్క దమ్ము లాగగానే ఇది కాదని తెలిసిపోయేది. మరి ఏది అవునో ఎంత తన్నుకున్నా తెలిసేది కాదు.

ఆ సంగతి తెలిసిన మనిషి పోయి తొమ్మిది నెలలైంది. ఆమె పేరు మాబున్ని. లాలప్పకు అక్క, అతని కన్నా పదేళ్లు పెద్దది. పెళ్లైన ఏడాదికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసరికి తల్లి లేదు, ఆరేళ్ల తమ్ముడు ఉన్నాడు. ఆ తమ్ముణ్ణి పెంచింది. పెద్దయ్యాక ఎవరైనా అతని పెళ్లి మాట ఎత్తితే అతను తప్పించుకుని తిరిగాడు. ఆమె మారుమనువు మాట ఎత్తినవాళ్లను మాత్రం ఆమె వీధి చివరిదాకా తరిమింది. అట్లా ఇద్దరూ ఆ నాపరాళ్ల ఇంట్లో యాభై ఏళ్లు గడిపేశారు.

వాళ్లు దూదేకులవాళ్లు. లాలప్ప దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. ఊళ్లో ఎవరింట్లో పరుపు గట్టిపడితే వాళ్లింటి ముందే కూర్చుని, పాత దూది తీసి ఏకి, మళ్లీ మెత్తగా కూరి కుట్టి ఇచ్చేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల మీసం అన్నీ తెల్లగా ఉండేవి. మాబున్ని గడప దగ్గరే ఆపేది.

"దూది బయట దులుపుకోని రా. లోపలికి ఒక్క పోగు తెచ్చినావంటే చూడు."

దులుపుకునేవాడు. ఆమె పైనుంచి కిందికి ఒకసారి చూసి పక్కకు జరిగేది. ఆ తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని హుక్కా తాగేవాళ్లు. ఆమెవి నాలుగు దమ్ములు, అతనివి నాలుగు. ఆ తంబాకు ఆమె ఇంట్లోనే కలిపేది. వంటగదిలో జాడీ పెట్టుకుని ఏం చేసేదో, ఎప్పుడు చేసేదో లాలప్ప ఒక్కనాడూ చూడలేదు. అన్నం ఎట్లా వండుతావని ఎవరైనా అక్కను అడుగుతారా? ఇదీ అంతే అనుకున్నాడు.

ఆమె పోయాక జాడీలో మిగిలినదాన్ని చిటికెడు చిటికెడుగా వాడుకున్నాడు. ఆరు నెలలు వచ్చింది. అదీ అయిపోయాక రోజూ జాడీ మూత తీసి వాసన చూసుకునేవాడు. కొన్నాళ్లకు జాడీలో వాసన పోయింది. తర్వాత ఆమె దుప్పట్లో పోయింది. ఇక ఇంట్లో కూడా పోతూ ఉందని, ఏ పూటకాపూట పలచబడుతూ ఉందని అతనికి గట్టిగా అనిపించింది. కళ్లముందే అక్క రెండోసారి పోతున్నట్టు భయపడ్డాడు.

భయపడ్డ మనిషి తన చేతికి ఏది వస్తే దానితోనే కాపు కాసుకుంటాడు. లాలప్ప చేతికి వచ్చింది దూది. ఇంటికున్న రెండు కిటికీలూ మూసి, రెక్కల సందుల్లో దూది కూరాడు. తలుపు కింద సందులో దూది పెట్టాడు. నాపరాళ్ల మధ్య ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ పోగు పోగుగా తురిమాడు. పనికి పోవడం మానేశాడు. పనికి పోతే తలుపు తీసి మూయాలి, తీసి మూసిన ప్రతిసారీ కొంత పోతుంది కదా అని అతని లెక్క. తంబాకు కలపడం మాత్రం అరుగు మీదే చేసేవాడు, తన పిచ్చి కలుపుల వాసన అక్క వాసనతో కలవకూడదని. ఇరుగుపొరుగువాళ్లు అతనికి ఒంట్లో బాగాలేదనుకున్నారు. రెండు మూడుసార్లు పిలిచి, పలక్కపోతే ఊరుకున్నారు.

ఎనిమిదో కుండ బోర్లించిన ఆ పొద్దున అతను నూర్‌షా తాత దగ్గరికి పోవాలనుకున్నాడు.

ఊరికి ఉత్తరాన గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాని పక్కన నాపరాళ్ల కొట్టంలో ఎనభై ఏళ్ల నూర్‌షా ఉంటాడు. ఒకప్పుడు కర్నూలు పాతబస్తీలో హుక్కా తంబాకు అంగడిలో ముప్పై ఏళ్లు కలిపిన చెయ్యి. ఆయన గోళ్ల చివర్ల నలుపు ఇప్పటికీ పోలేదు. ఒకరోజు అంగడి తాళాలు యజమానికి ఇచ్చేసి ఈ గుట్ట ఎక్కాడట. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే, "అక్కడ గాలి తక్కువ" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. ఆయన దగ్గరికి వచ్చిపోయే శిష్యులు ఐదారుగురు. లాలప్ప ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం గుట్ట ఎక్కి, దర్గా ఊడ్చి, తాత ఎదురుగా కాసేపు కూర్చుని దిగిపోయేవాడు. అక్క పోయాక ఒక్కసారే వచ్చాడు.

ఇప్పుడు వచ్చి దండం పెట్టి, ఎందుకు రాలేదో చెప్పకుండా నేరుగా అసలు సంగతికి వచ్చాడు.

"తాతా, నాకు తంబాకు కలపడం నేర్పు."

"ఎవరికి?"

"నాకే."

"ఒక్కనికేనా?"

"ఇంగెవరుండారు తాతా."

తాత లేచి లోపలికి పోయి, ఎండిన పొగాకు రెండు గుప్పిళ్లు, ఒక బెల్లం ముక్క తెచ్చాడు. ఆకును రాతి మీద నలిపించాడు. బెల్లం కరిగించి పోయించాడు. తన చేతితో లాలప్ప చెయ్యి పట్టుకుని, ఎంత గట్టిగా పిసకాలో చూపించాడు. పావుగంటలో అయిపోయింది. దాన్ని రెండు సగాలు చేసి ఒకటి లాలప్ప కుండలో వేశాడు. రెండోది ఇంకో చిన్న కుండలో వేసి మూత పెట్టి తన తలగడ పక్కన పెట్టుకున్నాడు.

"పదైదు రోజులు మూత తీయొద్దు."

లాలప్ప ఎదురుచూశాడు. తాత కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"లవంగం వేయలేదు గదా?" అన్నాడు లాలప్ప.

"ఊఁహూఁ."

"యాలకలు? గంధం? మా అక్క తంబాకులో తక్కువంటే ఆరేడు వాసనలుండేవి తాతా. నాకు బాగా గుర్తు."

"ముందు ఆకు వాసన తెలుసుకో. ఆనక ఒక్కొక్కటి."

సరేనని తలూపి గుట్ట దిగాడు కానీ లాలప్పకు లోపల కాస్త రోషంగానే ఉంది. నలభై ఏళ్లు హుక్కా తాగినవాణ్ణి పట్టుకుని ఆకు వాసన తెలుసుకోమనడం ఏమిటి! బడిలో కొత్తగా చేరినవాడికి పలక చేతికిచ్చినట్టు ఇచ్చాడు తాత, ఆకూ బెల్లమూ.

మూడు రోజులు ఓపిక పట్టాడు. నాలుగో రోజు మూత తీశాడు. బెల్లం వాసన, దాని వెనక పచ్చి ఆకు ఘాటు. ఇదా? దీనికోసమా గుట్ట ఎక్కింది? నాలుగు లవంగాలు దంచి వేశాడు. వాసన చూశాడు. చాల్లేదనిపించి ఇంకో నాలుగు వేశాడు. యాలకలు వేశాడు. గంధం చెక్క అరగదీసి వేశాడు. అంగడికి పోయి మొగలి పొత్తి తెచ్చి రేకులు తుంచి పొరలు పొరలుగా పరిచాడు. అంగడి నుంచి వచ్చి కుండ మీద వంగి కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. వేయడం, పీల్చడం, ఏమీ తెలియకపోవడం, మళ్లీ వేయడం. చివరికి ఎంత పీల్చినా ఏ వాసనా అందని స్థితికి వచ్చాడు. మంచినీళ్ల కుండలో ముక్కు పెట్టినట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి లవంగం ఘాటుకు వచ్చినవి కావు.

కుండ చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే గుట్ట ఎక్కాడు.

తాత మూత తీసి చప్పున మొహం వెనక్కి తీసుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. పై కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. దర్గా మెట్ల మీద పడుకున్న కుక్క లేచి అవతలికి పోయి పడుకుంది.

"తంబాకు తెమ్మంటే పెండ్లి ఊరేగింపు తెచ్చినావేమి అబ్బీ. గుర్రమొక్కటే తక్కువ."

లాలప్పకు నవ్వు రాలేదు. "నాకు ఏమీ వాసన రాలే తాతా. ఎంత వేసినా రాలే."

తాత అతని మొహం వంక చూశాడు. మూత పెట్టి కుండను దూరంగా జరిపాడు.

"ఎన్నాళ్లయింది నువ్వు పనికి పోయి?"

"మూన్నెళ్లు."

"ఇంట్లోనే ఉంటాండావా?"

"ఆఁ."

"కిటికీలు?"

చెప్పాలంటే లాలప్పకు సిగ్గేసింది. "మూసినా."

"మూస్తే సందులు ఉంటాయి గదా."

"దూది కూరినా."

తాత గుట్ట కింద ఊరివైపు తిరిగి కూర్చున్నాడు. ఎండ వాలుతోంది. నాపరాళ్ల ఇళ్ల కప్పులు ఒకదాని వెనక ఒకటి నల్లబడుతున్నాయి. తిడతాడేమో, నవ్వుతాడేమో అని లాలప్ప తల వంచుకుని ఉన్నాడు. ఆ రెండూ జరగలేదు.

"ఏటి అవతల పెద్ద దర్గాకు ఉరుసు వస్తాండాది," అన్నాడు తాత. "వచ్చేజనం దిగే ముసాఫిరుఖానాలో ముప్పై పరుపులు రాళ్ల మాదిరి ఉండాయంట. మనిషిని పంపమని కబురు చేసినారు. నువ్వు పో. ముప్పై అయినాక రా."

లాలప్ప తల ఎత్తాడు. "పన్నెండు దినాల పని తాతా అది."

"అయితాది."

"నేను పోతే ఇల్లు..." ఆ మాట చెప్పక తప్పలేదు. "ఇంట్లో మా అక్క వాసన కొంచెమే మిగిలుండాది తాతా. నాకు తెలుస్తానే ఉండాది పోతా ఉన్నట్టు. పన్నెండు దినాలు నేను కాపలా లేకుంటే అది కూడా పోతాది. మళ్లొచ్చేసరికి వట్టి గోడలుంటాయి. నేను పోలేను."

నూర్‌షా తాత కర్ర అందుకుని లేచాడు. ఆరేళ్లుగా ఆయన గుట్ట దిగలేదు. లాలప్ప కంగారుపడి చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. మెట్టుకో ఊపిరి తీసుకుంటూ, నడుమ రెండు చోట్ల కూర్చుని లేస్తూ, చివరికి కిందికి దిగాడు. వీధిలో జనం లేచి నిలబడ్డారు. ఆయన ఎవరివైపూ చూడకుండా లాలప్ప ఇంటిదాకా నడిచి, అరుగు పక్కన నిలబడ్డాడు.

"విల్లు తెచ్చుకో. బట్టలు తెచ్చుకో."

లాలప్ప లోపలికి పోయి, గోడకు వేలాడుతున్న విల్లు దించాడు. నారి మీద దుమ్ము పేరుకుని ఉంది. రెండు జతల బట్టలు మూటగట్టాడు. గూట్లో ఉన్న అక్క జాడీని ఒకసారి తాకాడు. బయటికి వచ్చి తలుపు మూసి, వంగి, కింద సందులో దూదిని వేలితో గట్టిగా నొక్కాడు.

తాత దాన్ని తీయలేదు, తీయమని అనలేదు కూడా. తన నడుముకున్న ఇనుప తాళం తీసి గొళ్లానికి వేశాడు. తాళంచెవి మెడలోని నల్లదారానికి కట్టుకున్నాడు.

"దూది నీది," అన్నాడు. "తాళం నాది."

ఆ రాత్రి తాతతో గుట్ట మీదే పడుకుని, మర్నాడు పొద్దున లాలప్ప ఏరు దాటాడు.

ముసాఫిరుఖానా పెద్దది, ఉరుసు రోజుల్లో తప్ప మనిషి ఉండడు. పొడుగాటి వసారాలో ముప్పై పరుపులు గుట్టగా పడేసి ఉన్నాయి. లాలప్ప మొదటి పరుపు కుట్లు విప్పి దూది బయటికి లాగాడు. ఏళ్ల తరబడి ఎవరెవరో పడుకుని నలిపిన దూది, గడ్డలు కట్టి అట్టలా ఉంది. విల్లు దించి నారి మీద కొయ్యతో కొట్టాడు. మూడు నెలల తర్వాత విన్న ఆ మోత వసారా అంతా తిరిగి అతని దగ్గరికే వచ్చింది. చేతులు పని మరిచిపోలేదు. రోజుకు రెండు పరుపులు, ఒక్కోరోజు మూడు.

పని నడుస్తున్నంతసేపూ పరవాలేదు. పొద్దు వాలి విల్లు దించాక ఏం చేయాలో తెలిసేది కాదు. దూది దులుపుకునేవాడు, దులుపుకోమన్నవాళ్లు లేకుండానే. ఆ వేళకు తన ఇంట్లో ఏ సందులోంచి ఏమి పోతూ ఉందో అని కూర్చున్నచోటే లెక్కలు వేసేవాడు. ఐదో రోజుకు సగం పోయి ఉంటుందనుకున్నాడు. ఎనిమిదో రోజుకు ఇక ఏమీ ఉండదనుకున్నాడు. ఆ రోజు నిజంగానే ఏడ్చాడు, పరుపు గలేబులో మొహం పెట్టుకుని.

అక్కడ వంట చేసే ముసలామె పేరు ఓబులమ్మ. మొదటి రోజు మధ్యాహ్నం అతనికి సంగటి పెడుతూ వంగినదల్లా ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"మీ ఇంట్లో హుక్కా తాగే ఆడమనిషి ఉంటాదా నాయనా?"

లాలప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమి అట్ల అడిగినావు?"

"నీ పై గుడ్డ నుంచి వస్తాండాది. తంబాకు, మొగలిపువ్వు. మా అవ్వ దగ్గర ఉండేది అట్ల."

ఆమె పోయాక అతను కండువా తీసి మొహానికి కప్పుకుని గట్టిగా పీల్చాడు. వట్టి గుడ్డ. ముసలామెకు ఏదో భ్రమ అనుకున్నాడు. రెండో రోజు ఉదయం ఏట్లో బట్టలు ఉతుక్కున్నాడు, కండువాతో సహా. ఆ తర్వాత ఓబులమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పదమూడో రోజు మధ్యాహ్నానికి ముప్పయ్యో పరుపు కుట్టు పూర్తయింది. దారం కొరికి, సూది చొక్కాకు గుచ్చుకుని, అన్నం కూడా తినకుండా బయల్దేరాడు. ఏరు దాటి, ఊరి బయట నుంచే గుట్ట ఎక్కి, రొప్పుతూ తాత ముందు నిలబడ్డాడు.

తాత మెడలోంచి దారం తీసి తాళంచెవి ఇచ్చాడు. ఎట్లున్నావనీ, అయిపోయిందా అనీ అడగలేదు.

"నువ్వు కూడా రా తాతా," అన్నాడు లాలప్ప. ఆ తలుపు ఒక్కడే తెరవాలంటే భయంగా ఉంది.

"నేనెందుకు? మీ ఇల్లు."

లాలప్ప వీధిలోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అది అతను రోజూ పని నుంచి వచ్చే వేళే. కాళ్లు అలవాటున నడిచాయి. విల్లు అరుగు మీద పెట్టాడు. తాళం తీశాడు. గొళ్లెం తీసేముందు చెయ్యి కాసేపు దాని మీదే ఉంచాడు. ఏమీ లేకపోతే ఏం చేయాలో అతను ఆలోచించుకోలేదు.

తలుపు తోశాడు. కింద సందులోని దూది నేలను రాసుకుంటూ కదిలింది.

ముందు బెల్లం వచ్చింది, పాతబడి నల్లబడ్డ బెల్లం. దాని వెంట ఆకు, దాని వెంట మొగలి. పలచగా కాదు, నిండుగా వచ్చి మొహానికి తగిలింది. లాలప్ప గడప ముందు రాయిలా నిలబడిపోయాడు. ఎడమపక్క మూల నుంచి, అక్క పడుకునే చోట నుంచి లవంగం వచ్చింది. పన్ను నొప్పికి ఎప్పుడూ ఒకటి దవడన పెట్టుకునేది ఆమె. పొయ్యి వైపు నుంచి యాలకలు, సాయంత్రం టీలో దంచి వేసేది. పెట్టె దగ్గర గంధం చెక్క, బట్టల మడతల్లో. దూలానికి పట్టిన హుక్కా పొగ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నిటి నడుమా, ఇప్పుడే వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వస్తున్నట్టు, అక్క ఉంది.

"అక్కా," అన్నాడు.

జవాబు రాలేదు. వస్తుందని అతను అనుకోలేదు కూడా. కానీ ఆ వేళకు, ఆ గడపలో, ఏళ్ల తరబడి విన్న మాట ఒకటి ఉంది కదా. అది చెవిలో వినబడింది. లాలప్ప తన ఒంటి వంక చూసుకున్నాడు. తొందరలో దులుపుకోకుండానే వచ్చేశాడు. చొక్కా మీద, పంచె మీద, మీసం మీద తెల్లగా ముప్పయ్యో పరుపు దూది.

వెనక్కి తిరిగి అరుగు దిగాడు. వీధిలో నిలబడి తల దులుపుకున్నాడు, చొక్కా విప్పి విదిలించాడు, పంచె అంచులు విదిలించాడు. మళ్లీ గడప ఎక్కి లోపలికి తల పెట్టి, ఈసారి కిటికీలు చూశాడు. రెండు కిటికీల చుట్టూ దూది. గోడల నిండా దూది. ఆమె బతికున్నన్నాళ్లూ ఒక్క పోగు రానివ్వని ఇంట్లో ఎక్కడ చూస్తే అక్కడ దూది.

లోపలికి పోయి ఒక్కో సందులోంచి లాగడం మొదలుపెట్టాడు. కుడి కిటికీ, ఎడమ కిటికీ, పొయ్యి పైన రాళ్ల మధ్య. అంతా చంకనిండా పోగుచేసి బయటికి తీసుకుపోయి అరుగు మూల పెట్టాడు. అన్నీ అయ్యేసరికి అరగంట పట్టింది. చివరి పోగు లాగి లోపల నిలబడి ఊపిరి పీల్చాడు.

ఏ వాసనా లేదు.

ఈసారి అతను భయపడలేదు. కాసేపు అట్లాగే నిలబడి, తలుపు దగ్గరగా వేసి, వీధి చివరిదాకా నడిచాడు. అక్కడ కల్లంలో ఎవరో గడ్డి తిప్పుతున్నారు. ఆ గాలిలో చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి తలుపు తోశాడు. నెమ్మదిగా, ముందంత నిండుగా కాకపోయినా, వాసన వచ్చింది.

మర్నాడు గుట్ట ఎక్కేసరికి తాత తలగడ పక్క చిన్న కుండను ఎండలోకి తెచ్చిపెట్టి కూర్చుని ఉన్నాడు. లాలప్ప ఎదురుగా కూర్చోగానే దాన్ని ముందుకు జరిపాడు.

"చూడు."

లాలప్ప మూత తీసి కుండ మీదికి వంగబోయి ఆగాడు. తల పక్కకు తిప్పి, గుట్ట కిందినుంచి వచ్చే గాలిని రెండుసార్లు నిండా పీల్చి వదిలాడు. అప్పుడు ఒక్కసారి, ఒక్కసారే, కుండ వాసన చూసి మూత పెట్టేశాడు.

"ఇదే తాతా. ముప్పాతిక ఇదే."

"తక్కువేమి?"

"మొగలి. ఒక్క రేకు."

"లవంగం వద్దా?"

"అది అక్క నోట్లో ఉండేది. తంబాకులో కాదు."

"యాలకలు?"

"టీలో."

"గంధం?"

లాలప్ప కుండ మూత సర్దాడు. "ఆమె పెట్టెలో," అన్నాడు.

తాత తల ఊపాడు. దర్గా మెట్ల మీద కుక్క నిద్రపోతోంది. లాలప్ప నేల వంక చూస్తూ అన్నాడు.

"నిన్న తలుపు తీసినప్పుడు ఉండింది తాతా. అంతా ఉండింది. నేను లోపల కుచ్చుంటే మళ్లీ లేదు. ఏమి చేయాల?"

తాత చిన్న కుండను అతని చేతిలో పెట్టాడు.

"పొద్దున పనికి పో," అన్నాడు. "సాయంత్రం ఇంటికి రా."